స్నేహాన్ని అడిగిన బిషప్

మా సంఘానికి చెందిన ఒక యువకుడు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఇంగ్లండు వెళ్లి అక్కడి బిజినెస్ స్కూల్లో ఎం.బి.ఏ. చదువుతున్నాడు. ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని మేము ఇంటికి వచ్చేసరికి అతని ఫోన్ వచ్చింది. లెక్కలు, మార్కెటింగ్, బ్యాంకుల వ్యవహారాలు నేర్పుతారనుకుని వెళ్లిన అతనికి మొదటి టర్ములోనే జాతివివక్ష గురించి ఒక పాఠం ఎదురైందట. రకరకాల దేశాలవాళ్లు, రకరకాల రంగులవాళ్లు ఒకే ఆఫీసులో కూర్చుని పనిచేయాల్సిన రోజులివి. రేపు మేనేజరు కాబోయేవాడు తోటివాణ్ణి రంగును బట్టి, పుట్టుకను బట్టి తక్కువ చేయకూడదని అక్కడ నేర్పుతున్నారు. 2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద నలిగి చనిపోయాక చాలా బిజినెస్ స్కూళ్లు ఈ పాఠాలను ముందుకు తెచ్చాయి. 2025 నుంచి అమెరికాలో ప్రభుత్వమే వీటికి ఎదురు తిరగడంతో అక్కడ చాలాచోట్ల వెనక్కి తగ్గారు. ఇంగ్లండులో ఆ అబ్బాయి చదివే చోట మాత్రం పాఠం నడుస్తూనే ఉంది.

ఆ పాఠంలో భాగంగా రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. నిన్ను ఎవరైనా తక్కువగా చూసిన సందర్భం మొదటి పేజీలో రాయాలి. నువ్వు ఇంకొకరిని తక్కువగా చూసిన సందర్భం రెండో పేజీలో రాయాలి. మొదటి పేజీ అరగంటలో నిండిందట. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు జరిగినది, బస్సులో తన పక్క సీటు ఖాళీగా మిగిలిపోయినది, అన్నీ రాశాడు. రెండో పేజీ మూడు రోజులుగా ఖాళీగానే ఉంది. అయ్యగారూ, అందులో ఏం రాయాలి అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. బిషప్ అజరయ్యగారి పేరు విన్నావా బాబూ అని అడిగాము. విన్నట్టుంది అన్నాడు, అంతకుమించి తెలియదట. మన పిల్లలకు డేవిడ్ లివింగ్‌స్టన్ తెలుసు, విలియం కేరీ తెలుసు. ఒకప్పుడు నంద్యాల సంఘాలకు కాపరిగా ఉన్న తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ తెలియడు. తప్పు పిల్లలది కాదు. మేము చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఫోన్‌లో చెప్పినదే కొంచెం విపులంగా ఇక్కడ రాస్తున్నాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి తామస్ వేదనాయకం హైందవ కుటుంబంలో పుట్టి, క్రీస్తును అంగీకరించి, ఆ పల్లెలోనే సంఘ కాపరి అయ్యారు. హన్నాలాగా ఎన్నో ఏళ్లు ప్రార్థించి కన్న బిడ్డ కాబట్టి ఆ తల్లిదండ్రులు శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. వారిది నాడార్ కులం. ఆ కులంవారు గుడుల్లోకి రాకూడదని, వారి స్త్రీలు పైవస్త్రం వేసుకోకూడదని శాసించిన కాలం ఆ తరానికి ఇంకా గుర్తుంది. ఆ అవమానాల మధ్య సువార్త విని వేలాదిమంది సంఘంలో చేరారు. అయితే కులం కూడా వారితోపాటే లోపలికి వచ్చింది. వెల్లాలుల క్రైస్తవులు వేరు, నాడార్ల క్రైస్తవులు వేరు, అట్టడుగు కులాల క్రైస్తవులు మరీ వేరు. అజరయ్య విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ గోడలు తగ్గించాలని తోటి క్రైస్తవ విద్యార్థులతో కలిసి ఒక సోదర సంఘం పెట్టారు. పెద్దగా పేరు వచ్చిన పనేమీ కాదది. అయినా ఆయన జీవితం ఎటు వెళ్లబోతోందో అక్కడే కనిపిస్తుంది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పరిచర్యలో దిగారు. మరుసటి సంవత్సరం అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు ఆయనకు తోటి పనివాడయ్యాడు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగారు, కలిసి ప్రార్థించారు, కలిసి తిన్నారు. తెల్లవాడికి, నల్లవాడికి మధ్య ఇంత దాపరికం లేని స్నేహం ఆ రోజుల్లో అరుదు. ఆ స్నేహం రుచి చూసినవాడు కాబట్టే, అది లేనిచోట అజరయ్య సర్దుకుపోలేకపోయారని మా అభిప్రాయం.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు సువార్తికులను పంపడం చూసి సిగ్గుపడ్డారు. తిరునల్వేలి సంఘం అంతకంటే పెద్దది, అయినా బయటికి ఎవరినీ పంపలేదు. 1903లో పాళయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు భారతీయులే, డబ్బు భారతీయులదే, నిర్వహణ భారతీయులదే అన్నది దాని నియమం. మేనేజ్‌మెంట్ చదివే మా అబ్బాయికి ఈ మాట బాగా నచ్చింది. ఆ సొసైటీ ఎన్నుకున్న పొలం నైజాం రాజ్యంలోని డోర్నకల్, అంటే ఇప్పటి తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా. భాష తెలుగు. దొరల్లాగానే పరాయి ప్రాంతానికి, పరాయి భాషలోకి వెళ్లే మిషనరీలు అప్పుడు తమిళులయ్యారు. పంపిన కార్యదర్శే తాను వెళ్లకుండా ఎలా కూర్చోవడం అనుకుని అజరయ్య 1909లో గురుపట్టం పొంది, తెలుగు నేర్చుకుని, భార్య అన్బు మరియమ్మాళ్‌తో, పిల్లలతో డోర్నకల్‌కు మకాం మార్చారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో పట్టణంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. ఆసియావాసులు ఇరవైమంది కూడా లేరు. ముప్పై అయిదేళ్ల అజరయ్యకు విదేశీ మిషనరీలు, స్వదేశీ పనివారు కలిసి పనిచేయడంలో ఉన్న చిక్కుల గురించి మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆ వేదిక మీద నిలబడిన పేద దేశపు యువకుడు నాలుగు పొగడ్తలు చెప్పి దిగిపోవచ్చు. ఆయన అలా చేయలేదు. జాతుల మధ్య సంబంధమే నేడు సంఘం ఎదుట ఉన్న గడ్డు సమస్య అని మొదలుపెట్టారు. మిషనరీకీ భారతీయ పనివాడికీ మధ్య ఒక దూరం ఉందని, అది యజమానికీ జీతగాడికీ ఉండే దూరమని చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఇంట్లో ఒకరు భోజనం చేయని సంగతి చెప్పారు. కరచాలనాలు, కుర్చీలు, విందులు వాటికోసమే తాను అడగడం లేదని, లోపల ఉన్న స్నేహానికి అవి గుర్తులైతే మాత్రం అన్నీ కావాలని అన్నారు. మిషనరీలు ధనాన్నీ ప్రాణాన్నీ ధారపోసిన సంగతి భారత సంఘం మరువదని కృతజ్ఞతతో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన కోరింది ఒక్కటే, స్నేహం.

సభలో కొందరికి కోపం వచ్చింది. తిండి పెట్టినవాళ్లనే తప్పు పడతాడా అనుకున్నారు. కొందరు తలవంచుకున్నారు. వందేళ్లు దాటినా ఆ మహాసభ గురించి రాసే ప్రతివారూ ఈ ప్రసంగాన్ని తలచుకుంటూనే ఉన్నారు.

యాకోబు తన పత్రికలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి ఆసనం, మురికిబట్టల పేదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని గద్దించిన సంగతి మనకు తెలుసు. ఎడిన్‌బరోలో అజరయ్య మాట్లాడినదీ ఆ కుర్చీ గురించే. మేము సెమినరీలో సంఘ చరిత్ర చదువుకునే రోజుల్లో ఈ ప్రసంగం వచ్చినప్పుడు గదిలో అందరి ఛాతీలూ పొంగాయి. మనవాడు దొరల మొహం మీదే చెప్పాడని సంబరపడ్డాము. మధ్యాహ్నం మెస్సులో ఎవరి కులంవాళ్లు ఎవరి బల్ల దగ్గర కూర్చున్నారో అప్పుడు మాకు తట్టలేదు.

తర్వాత రెండేళ్లకు ఆయనను బిషప్‌ను చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దానికి గట్టిగా నిలబడ్డారు. అభ్యంతరాలు రెండువైపుల నుంచీ వచ్చాయి. తెల్ల మిషనరీలలో కొందరు భారతీయుడి కింద తాము ఎలా పనిచేస్తామన్నారు. ఇది ఊహించదగినదే. తమిళ క్రైస్తవులలోనూ కొందరు అడ్డుపడ్డారు, అందులో కులం పాలు ఉంది. నాడార్ కులంవాడు మాకు బిషప్పా అన్నదే ఆ గొడవ. జాతివివక్షా కులవివక్షా ఒకే మనిషి మీద ఒకే సంవత్సరంలో రెండు చేతులూ వేశాయి. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఒక డయోసిస్‌ను ఏలిన భారతీయుడు 1945లో ఆయన చనిపోయేవరకు ఆ సంఘంలో ఇంకొకరు లేరు. ముప్పై రెండేళ్లు ఒక్కరే! తలుపు తీశామని చెప్పుకున్నవాళ్లు ఒకరిని లోపలికి రానిచ్చి మళ్లీ గడియ పెట్టుకున్నారనిపిస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. ఆళ్లగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడులో 1850లలోనే ఎస్.పి.జి. మిషనరీలు పని మొదలుపెట్టారు. తర్వాత నంద్యాల ఆ పనికి కేంద్రమైంది. బడులు, బోర్డింగులు, ఉపాధ్యాయ శిక్షణ, గుడులు వెలిశాయి. మన తాతముత్తాతలు అక్షరం ముక్క నేర్చింది అక్కడే. ఇదంతా మొదట మద్రాసు డయోసిస్ కింద ఉండేది. 1920ల తొలినాళ్లలో ఈ సంఘాలను డోర్నకల్‌లో కలపడంతో అజరయ్య మనకు బిషప్ అయ్యారు. నంద్యాల మిషన్ కాంపౌండులో అన్ని నిర్ణయాలూ దొరగారివే అయిన కాలమది. ఇప్పుడు ఆ దొరలకే పెద్ద ఒక నల్లని మనిషి. ఎడిన్‌బరోలో మాటగా అడిగినది ఇక్కడ రోజువారీ పనిగా మారింది. ఎవరు ఎవరికి లేచి నిలబడాలి, ఎవరి సంతకం పైన ఉండాలి, ఎవరి బల్ల దగ్గర ఎవరు భోంచేయాలి అన్నవి పుస్తకాల్లో చిన్న విషయాలే. ఆ కాంపౌండులో బతికినవాళ్లకు కావు.

ఆయన ముందున్న పెద్ద కొండ దొరలు కాదు. మన పల్లెలు. తెలుగు సంఘాలలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవారు. చాలాచోట్ల ఒక పేట ముందు బాప్తిస్మం తీసుకుంటే, ఆ గుడికి రెండో పేటవారిని రానివ్వడానికి మొదటి పేట ఒప్పుకునేది కాదు. ఊరి బావి దగ్గర తమను తరిమినవాళ్ల మాటలనే వీళ్లు గుడి గుమ్మం దగ్గర వాడేవారు. దేవుని బల్ల దగ్గర ఒకే పాత్ర నుంచి తాగాలంటే వరుసలో ఎవరు ముందు అన్న పేచీ. అజరయ్య ఈ విషయంలో మెత్తబడలేదు. ఒకే గుడి, ఒకే పాత్ర, ఒకే పంక్తి అన్నారు. బోర్డింగు బడుల్లో రెండు పేటల పిల్లలనూ పక్కపక్కన కూర్చోబెట్టి తినిపించారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగి బాప్తిస్మం పొందినవారి చేతులను వారి తలల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను వారి నోటితో పలికించేవారు. సువార్త చెప్పే అధికారం దొరకూ, అయ్యగారికీ మాత్రమే ఉందనుకున్న కూలివాడికి అది ఎంత పెద్ద మాటో ఊహించుకోవచ్చు.

ఆ పల్లెల్లో మారిన బతుకులను చూసి 1930లలో వేలాదిమంది శూద్ర కులాలవారు కూడా డోర్నకల్ సంఘంలో చేరారు. అప్పుడు పరీక్ష తిరగబడింది. ఇన్నాళ్లూ అంటరానివారని పిలిపించుకున్నవాళ్లు ముందే గుడిలో ఉన్నారు, కొత్తగా వచ్చిన రైతు కులంవాడు వారి పక్కన కూర్చోవాలి. కొన్నిచోట్ల కూర్చున్నారు. కొన్నిచోట్ల ఇప్పటికీ కూర్చోలేదు, మనకు తెలుసు.

ఆయన చరిత్రలో ఇంకా చాలా ఉంది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సామూహికంగా బాప్తిస్మాలు ఇవ్వడంపై గాంధీగారితో గట్టిగా విభేదించారు. కానుకల గురించి పుస్తకం రాశారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కథెడ్రల్‌ను చూసినవారికి గుమ్మటాల్లో మసీదు, స్తంభాల్లో దేవాలయం గుర్తుకొస్తాయి. రాతి స్తంభాల మీద తామరలు చెక్కించారు. శిల్పుల ఊరైన ఆళ్లగడ్డవాళ్లు ఒకసారి వెళ్లి చూడదగిన పని అది. విదేశీ అచ్చు కాకుండా ఈ మట్టి మీద అందరి చేతి పనితో దేవుని ఇల్లు కట్టవచ్చని ఆయన నమ్మకం.

సంఘాలన్నీ ఒకటి కావాలని ఆయన ఇరవై అయిదేళ్లు పాటుపడ్డారు. 1919లో తరంగంబాడిలో ఆ ప్రయత్నం మొదలుపెట్టిన ముఖ్యులలో ఆయన ఒకరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన కలగన్న ఆ ఐక్యతలో చేరకుండా నిలిచిపోయినవారిలో ముఖ్యులు ఎవరో తెలుసా? ఆయన మందలోవారే, మన నంద్యాలవారే. బిషప్ చేతుల మీదుగా పట్టం పొందని బోధకులను సమానంగా అంగీకరించలేమని ఇక్కడి సంఘాలలో ఎక్కువ భాగం పాత ఆంగ్లికన్ సంఘంలోనే ఉండిపోయింది. అది విశ్వాస సంబంధమైన అభ్యంతరమే, దాన్ని తేలిక చేయము. అయినా మా ప్రాంతపు పెద్దలు ఆ రోజుల గురించి చెప్పుకుంటుంటే విన్నాము. ఒకే ఊళ్లో, ఒకే రక్తసంబంధంలో, నీ గుడి వేరు నా గుడి వేరు అయిన కథలవి. 1963లో నంద్యాల సొంత డయోసిస్ అయింది. 1970ల నడుమ గాని దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. అలా ఆలస్యంగా చేరిన నంద్యాలలోనే 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. దేవుడు ఎవరిని ఎక్కడ ముందు నిలబెడతాడో మనం లెక్క వేయలేము.

ఇదంతా విన్నాక ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను కూడా చట్టంతో నిషేధించిందని తమ క్లాసులో చెప్పారని, అప్పుడు పక్కనున్న విదేశీ విద్యార్థి కులమంటే ఏమిటని అడిగితే అది పాతకాలపు సంగతి, ఇప్పుడు లేదు, మేము క్రైస్తవులం, మాలో అసలే లేదు అని జవాబిచ్చానని చెప్పాడు. చెప్పి, మళ్లీ ఊరుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసి రెండో పేజీ చదివి వినిపించాడు. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో బుధవారం కుటుంబ ప్రార్థనకు అవతలి పేట నుంచి ఒక ఉపదేశి వచ్చేవాడట. పాటలు బాగా పాడేవాడు, బైబిలు కథలు నేర్పింది ఆయనే. ప్రార్థన అయ్యాక అందరికీ టీ ఇచ్చేవారు. ఉపదేశికి ఇచ్చే గ్లాసు మాత్రం వసారా గూట్లో వేరుగా ఉండేది. టీ తాగి ఆయనే కడిగి గూట్లో పెట్టి వెళ్లేవాడు. ఒకసారి తెలియక ఆ గ్లాసుతో నీళ్లు తాగబోతే అవ్వ చేయి పట్టుకుని ఆపిందట. ఆ తర్వాత నుంచి ఉపదేశికి ఆ గ్లాసు అందించే పని తనదేనని, దాన్ని అంచు మీద రెండు వేళ్లతో పట్టుకుని ఇచ్చేవాణ్ణని, పన్నెండేళ్లు వచ్చేదాకా అలాగే ఇచ్చానని రాశాడు.

ఆ ఉపదేశి ఇంకా ఉన్నారా అయ్యగారూ అని అడిగాడు. ఉన్నారు, ఆళ్లగడ్డలో కొడుకు దగ్గర ఉంటున్నారని చెప్పాము. ఫోన్ నంబరు పంపమన్నాడు. పంపాము.